గట్టు మీది గొర్రె

హలో… ఆ, నేనే. ఈ ఇంట్లో ఫోనెత్తడానికి ఇంకెవరున్నారు?

…

నా కుక్కను చంపింది నువ్వే. అందులో మాట్లాడుకోవడానికేం లేదు. ఎందుకు చేశావో చెప్పు.

…తోడేలా? మీ దొడ్డిలోనా?

…ఊఁ. చూలు గొర్రెను చంపిందా? …ఊఁ.

అయితే నన్నేం చెయ్యమంటావు బామ్మర్దీ? కూర్చుని ఏడవనా?

— నా కుక్క కన్న పిల్లను పంపాలా! ఏం నోరయ్యా నీది! తల్లిని మట్టిలో కలిపావు, ఇప్పుడు కాపలాకు ఎదిగిన పిల్ల కావాల్సొచ్చిందా?

…తెలియక చేశావా? ఆ చచ్చిన గొర్రెకు విషం కూరి గట్టు మీద పడేశావు. నా కుక్క రాత్రుళ్ళు విప్పే ఉంటుందని నీకు తెలీదూ? కాపలా కుక్కను ఎవడైనా కట్టేస్తాడా? ఈ ఒక్క రాత్రికి కట్టెయ్యి బావా అని ఒక్క ఫోను…

…మర్చిపోయావా. బాగుంది.

…తోడేలు మాత్రం ఆ మాంసం వాసన చూసి పక్కనుంచి పోయిందా? నీకంటే దానికే తెలివుంది.

— అక్క పేరెత్తకు. …ఎత్తకన్నానా! గొర్రెపిల్లల మధ్య పడుకోబెట్టి ఆ నల్లకుక్కను పెంచింది మీ అక్కే. ఆవిడ పోయాక నాకు ఎదురొచ్చే ప్రాణి అదొక్కటే.

…

సరే, ఒకటి చెప్పు. ఆ గొర్రెను తీసి పాతేశావా?

…

మాట దాటెయ్యకు. పాతేశావా అని అడుగుతున్నా.

…

ఇంకా గట్టు మీదే ఉందా! విషం అక్కడ పెట్టుకుని, ఇంకో కుక్కను పంపమని నాకే ఫోన్ చేశావా? మనిషివేనా నువ్వు?

…నోర్ముయ్. చెప్పింది విను. పొద్దు గుంకక ముందే పలుగూ పారా తీసుకుని పో. చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకో. నడుంలోతు తవ్వు. పూడ్చి పైన బండలు పెట్టు. నువ్వే తవ్వాలి. కూలివాణ్ణి పంపావని తెలిసిందో…

…కుక్కా? పంపను.

…బతిమాలకు. పంపినా నీకు పనికిరాదు. మీ గేటుకు మూతి ఆనించి ఇటే చూస్తూ కూర్చుంటుంది. తను పెరిగిన మందే దానికి లోకం. తోడేలు నీ గొర్రెల్ని ఒక్కొక్కటే ఈడ్చుకుపోతున్నా చెవి కూడా ఆడించదు.

…

ఆపు. ఆ ఏడుపేదో నా కుక్క నురగలు కక్కుతున్నప్పుడు ఏడవాల్సింది.

…

పూడ్చడం అయ్యాక గొర్రెల్నే ఇటు తోలుకురా. …ఆ, నా దొడ్డిలోకే. నా వాటిలో కలిశాయంటే ఆ పిల్ల అన్నీ తనవే అనుకుని కాస్తుంది. కుక్కకు పగలేం తెలుస్తాయి? నాకు తెలుస్తాయి.

— నీ మీద జాలనుకుంటున్నావా? గొర్రెలు నాకేం చేశాయి?

…దండాలొద్దు. గేటు తీసి ఉంటుంది. లోపలికి తోలి అట్నుంచటే పో. గుమ్మం ఎక్కావంటే కాళ్ళిరగ్గొడతా.

…క్షమించానని ఎవడన్నాడు?

…

లేదు. రేపూ లేదు, నేను పోయేదాకా లేదు. నువ్వు అడగొద్దు, నేను చెప్పను. నల్లదాని మాట నా నోట మళ్ళీ రాదు.

…బావా లేదు, గీవా లేదు. పలుగు తీసుకుని కదులు.

పెట్టేస్తున్నా.