సొట్ట గ్లాసు

అయ్యో, ఏడుపెందుకే పిల్లా! ముందు చెయ్యి చూపించు. తెగలేదు కదా? స్తోత్రం. ముక్కలు చీపురుతో ఎత్తు, వేళ్లతో ఏరకు. రేపు గుడిలో అందరం తాగే ద్రాక్షరసం పోసి ప్రభువు బల్ల మీద పెట్టే గిన్నె పగిలితే గుడి కూలిపోతుందా ఏంటి? ఇలా కూర్చో, మా అత్తగారి సంగతి చెప్తాను. నువ్వు ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికే ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందిలే. అప్పుడూ గిన్నె గాజుదే, కడగడం మనింటి పనే. ఓ శనివారం ఆవిడ చేతిలోంచి జారింది. నీలా ఏడవలేదు, బిగుసుకుపోయింది. "ఈ గిన్నే కొత్త నిబంధన అని ప్రభువే అన్నాడు కదే, నేను దేవుడి నిబంధన పగలగొట్టాను" అంటుంది. ఎంత చెప్పినా వినదే, మొండి ఘటం! పైగా ఆ పాటల మాస్టారొకడు, శ్రుతి కుదరలేదని నా పెళ్లి పాట మధ్యలో ఆపేసిన మహానుభావుడు, "చేజార్చేవాళ్లకి పరిశుద్ధమైనవి అప్పగిస్తే ఇంతే" అని వీధంతా వినేలా అన్నాడు. దాంతో "ప్రభువు నా చెయ్యి వదిలేశాడు, ఇక బల్ల దగ్గరికి రాను" అని కుట్టుమిషను ముందు కూలబడింది. తొక్కదు, లేవదు.

పాస్టరుగారొచ్చారు. ఎప్పుడూ ముక్కు చీదుతుంటారని చాటుగా పడిశం పాస్టరనేవాళ్లం. "అమ్మా, ఇంద్రధనుస్సు కూడా, లోకాన్ని మళ్లీ నీళ్లతో ముంచనని దేవుడు మాటిచ్చి చేసిన నిబంధనకి గుర్తే కదా. జలప్రళయం తగ్గాక నోవహు చూసింది ఇంకా ఆకాశంలో ఉందా?" "లేదయ్యగారూ." "మరి అది చెరిగిపోయినప్పుడల్లా లోకం మునిగిందా?" ఆవిడ మిషను మీంచి తలెత్తింది. "గుర్తు మన చేతిలోది, పగులుతుంది. మాట ఆయన నోటిది" అని ఓ తుమ్ము తుమ్మి, మిషను పక్కనున్న ఆవిడ మంచినీళ్ల గ్లాసు, స్టీలుది, ఓ పక్క సొట్ట, అది పట్టుకుని చక్కా పోతున్నారు. "అయ్యో, అది ఎంగిలిదండీ!" అంటూ వెనకాలే పరిగెత్తింది మా అత్త. "అయితే కడిగిపెట్టు, నీ పనే కదా" అన్నారాయన.

మర్నాడు ఆవిడే కుట్టిన తెల్లటి బల్లగుడ్డ మీద ఆ సొట్ట గ్లాసు! పాటల మాస్టారు దాన్నీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. ఆయన తాగాల్సిందీ అందులోంచే మరి! ఆవిడ లేచి వెళ్లింది. గ్లాసు పెదవులకి తగిలిందో లేదో, నెత్తి మీది మూట దించినట్టు ఊపిరి వదిలిందే తల్లీ! నా పక్కకొచ్చి కూర్చుని, "వదల్లేదే" అంది. అంతే.

ఈ గాజుది తర్వాతెప్పుడో ఎవరో తెచ్చారు. ఏంటీ, ఆ గ్లాసా? నువ్వు రోజూ బియ్యం కొలిచేది ఏదనుకున్నావు? తీసుకురా. ఆ సొట్ట దగ్గర బాగా తోము, పిండి పట్టేసుంటుంది.