ఎడంచేతి కత్తెర

ఏదీ, ఇటు చూపించు? ఓసి నీ దుంపతెగ, ఎక్కడ దొరికిందే నీకు! మొద్దుబారలేదే మనవరాలా, అది ఎడంచేతి కత్తెర. నీ కుడిచేతికి ఎలా తెగుతుంది? మా టైలరు కొట్లో కటింగు చేసే పిల్ల కోసం నేనే కొట్టుకొట్టూ గాలించి తెచ్చాను. ఆ పిల్లకి కుడిచెయ్యి చిన్నప్పుడే చచ్చుబడింది. మరి గుడ్డ కదలకుండా పట్టుకునేదెవరంటావా? బొగ్గులు వెయ్యని ఇస్త్రీపెట్టె బరువుగా పెట్టేది. దాన్నలా జరుపుకుంటూ కరకరా కోసుకుపోయేదే... గౌనుకి చంక దగ్గర ముడత పడితే ఒట్టు! జనమేమో "మాస్టారూ, మీ చెయ్యే చెయ్యి" అనేవాళ్లు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. మధ్యలో పరదా కట్టాను మరి. ఎవరైనా ఎగాదిగా చూస్తే ఆ పిల్ల బాధపడుతుందని కట్టానో, బేరం పోతుందని కట్టానో... రెండూనేమో. కూలి సగమే ఇచ్చేవాణ్ణి, ఒంటిచెయ్యి గదా అని. అట్లా చూడకే! అప్పట్లో అందరూ అంతే. పని మాత్రం, ఆఁ, ఇద్దరి పని చేసేది.

ఏం చెబుతున్నాను? ఆఁ, పరదా. ఓ రోజు బడి పెద్ద పంతులమ్మగారొచ్చారు. పిల్లల యూనిఫారాలన్నీ మాకే ఇచ్చేవారు. గాలాడటం లేదని పరదా ఎత్తేశారావిడ. "ఇదేమిటండీ, ఈ అమ్మాయా కోసేది? ఒంటిచేత్తోనా!" అన్నారు. "అబ్బే, కోసేది నేనేనండీ. ఈ పిల్లని ఊరికే కూర్చోబెట్టాను, పాపం" అన్నాను. నోట్లోంచి వచ్చేసిందంతే. ఆవిడ వెళ్లాక ఆ పిల్ల ఏడ్చిందా అంటే ఏడవలేదు. "ఊరికేనా మాస్టారూ?" అంది. కత్తెర బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. తీసుకుపోవచ్చుగా? దాందేగా! నాకిప్పటికీ అర్థం కాదు. రేపొస్తుందిలే అనుకున్నాను.

వారం తిరక్కుండా పక్కవీధి టైలరొచ్చాడు. "మాస్టారూ, ఆ అమ్మాయి నా దగ్గరికి పనికొచ్చింది. మీ కొట్లో కటింగంతా తనే చేసేదంటోంది, నిజమేనా? మీరు ఊఁ అంటే రేపే పెట్టుకుంటాను" అన్నాడు. అప్పుడు యూనిఫారాల కోసం బడి మనిషి అక్కడే కూర్చునున్నాడు... ఉన్నాడా? ఉన్నట్టే గుర్తు. ఉండే ఉంటాడు. ఆ పిల్ల మళ్లీ ఎక్కడా కత్తెర పట్టలేదట. అన్నగారింట్లో గిన్నెలు తోముకుంటూ, అక్కడే పోయిందన్నారు. పోయి పాతికేళ్లు దాటిందేమో.

ఏమిటీ? ఆ టైలరుతో నేనేమన్నాననా?

ఊఁ అనే అనుంటాను. అనుండకపోతే... అంటే, బడి మనిషి అక్కడే ఉన్నాడని చెప్పానా నీకు? అబ్బబ్బ, ఏం ప్రశ్నలే నీవి! ఆ కత్తెర అక్కడ పెట్టెయ్. నీ చేతికి తెగదని చెప్పానా.