చిలకవారిగూడెం బావి మెట్లు

"నేను రాసింది ఒక్క లైను తమ్మీ. ఒక్కటంటే ఒక్కటి. దానికి గింత లొల్లి!" అన్నాడు మంగయ్య, చాయ్ గ్లాసు కింద పెట్టకుండానే.

సూర్యాపేట బస్టాండు ఎదురుగా గోపమ్మ చాయ్ కొట్టు. బెంచీ మీద ముగ్గురు. ఇంటర్నెట్‌లో తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. దాంట్లో ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసినా ఇంకొకరు దిద్దొచ్చు. వీళ్లు దానికి పైసా తీసుకోకుండా ఊళ్ల పేజీలు రాసేవాళ్లు. నాలుగేళ్లుగా తెర మీదే తిట్టుకుంటూ మెచ్చుకుంటూ వచ్చారు గానీ, ముఖాలు చూసుకోవడం ఆ ఆదివారమే మొదలు. మంగయ్య మిర్యాలగూడ బియ్యం మిల్లులో గుమస్తా. జితేందర్‌ది సూర్యాపేటే, కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పని. హర్యా పెన్‌పహాడ్ వైపు తండా నుంచి వచ్చాడు. తండాల పేజీలన్నీ ఒంటివేలితో కొట్టింది ఆయనే.

నాలుగో మనిషి వసంత, కోదాడలో బడి టీచరు. పదకొండింటి బస్సుకు వస్తుంది. వచ్చి, ఇంకా రాయాల్సిన ఊళ్ల జాబితా జితేందర్ చేతిలో పెట్టి, ఇక సెలవని చెప్పి వెళ్లిపోతుంది. ఆ మాట మూడు రోజుల కిందటే సర్వస్వంలోని తన చర్చ పేజీలో రాసిపెట్టింది. ఆమె పోతే కోదాడ వైపు ఊళ్లను పట్టించుకునేవాళ్లు లేరు. ఆమె పోవడానికి కారణం మంగయ్య రాసిన ఆ ఒక్క లైను.

జితేందర్ పొద్దున్నే ల్యాప్‌టాప్ తెచ్చి, డేటా కార్డు గుచ్చి, ఆ పేజీ తెరిచి మంగయ్య ముందు పెట్టాడు.

"రాసినోడే తీసెయ్యాలె. ఎందుకు తీసిండో కింద ఒక ముక్క రాయాలె. గదే మన పద్ధతి. మేడం బస్సు దిగేలోపల ఈ పని ఖతం చెయ్యి మంగన్నా. నీకు దండం పెడ్త."

"చేస్త. చెయ్యనన్ననా? గని ముందుగాల న్యాయం తెల్వాలె గదా. గోపమ్మా, నువ్వు బయటి మనిషివి, నువ్వే చెప్పు."

జితేందర్ గడియారం చూసుకున్నాడు. పదీ ఇరవై.

"మాది వేములపల్లి మండలం, చిలకవారిగూడెం. మూడేండ్ల కింద మా ఊరి పేజీ తెరిస్తే ఏమున్నదనుకున్నవ్? 'చిలకవారిగూడెం వేములపల్లి మండలంలోని ఒక గ్రామం.' గంతే. పక్కూరి పేజీల గుడి ఉన్నది, చెరువు ఉన్నది, చెరువుల చేపలు గూడ ఉన్నయి. మా ఊరికి ఫుల్‌స్టాపు ఒక్కటే ఉన్నది. నాకు కడుపుల మండి ఒక లైను కలిపిన. ఏమని? 'ఈ ఊరిలో నలభై మెట్ల దిగుడుబావి ఉంది.' తప్పా?"

"ఏ గూడెమన్నవ్?" గోపమ్మ చాయ్ వడకడుతూ అడిగింది.

"చిలకవారిగూడెం."

"ఊఁ" అని ఆమె మళ్లీ తన పనిలో పడింది.

"నేను ఇట్ల రాసి అట్ల నీళ్లు తాగొచ్చేసరికి, కోదాడ మేడం నా లైను పక్కపొంటి చిన్న చిన్న అక్షరాలతోటి గుచ్చి పెట్టింది, 'మూలం కావాలి' అని."

"అంటే ఏందన్నా?"

హర్యా చెప్పాడు. "ఏ పుస్తకంల ఉన్నదో, ఏ పేపర్ల వచ్చిందో సూపెట్టాలె అన్నట్టమ్మా. సూపెట్టకుంటే ఎవరన్న తీసెయ్యొచ్చు."

"మా ఊరి బావికి మూలం నేనే గదా! పీకేసిన. ఆమె మళ్ల గుచ్చింది. పీకిన. గుచ్చింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? నాకు రోషమొచ్చి నలభైని నూటొకటి జేసిన."

"నలభైకి మూలం అడిగితే నూటొకటి జేస్తవా?" జితేందర్ గొంతు లేచింది.

"అడగకుంటే నలభై కాడ్నే ఆగేది గదా తమ్మీ. తప్పెవలది? ఇగ విను గోపమ్మా. ఆ పొద్దు మిల్లుల కంప్యూటర్ ముందల కూసుంటే పొద్దుమూకేదాక నాలుగు వేల దిద్దుబాట్లు జేసిన. వడ్ల లారీలు గేటు కాడ ఆగినయి ఆగినట్టే. లారీల వరుస హుజూర్‌నగర్ దాకా పోయింది. సేటు ఉరికొచ్చి 'మంగయ్యా, తూకం!' అంటే నేను 'సేటూ, బావి!' అన్న. నా ముఖం సూసి ఆయనే పోయి తూకం ఏసుకున్నడు. కీబోర్డు మీద 'మ' ఊడి ఎగిరిపోయి తవుడు సంచిల పడ్డది. ఆపిననుకున్నవా? 'మ' లేకుండనే రాసిన. ఆ పొద్దు నా సంతకంల గూడ 'మ' లేదు."

"నాలుగు వేలా? నువ్వు రాసినకాడికి నలభై లేవు," అన్నాడు జితేందర్. "లెక్క పేజీలనే ఉంటది మంగన్నా, తెరవమంటవా?"

"లెక్క అరిగిపోయి ఉంటది లే. మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా టెలిఫోన్ తీగ కాలబట్టె. తీగ మీద కూసున్న కొంగలు కాళ్లు కాలి కాల్వల దునికినయి. ఆ పొద్దు సాగర్ ఎడమ కాల్వల నీళ్లు గోరువెచ్చగ పారితే, రైతులు ఊరూరా వచ్చి తలంట్లు పోసుకున్నరు."

"నేను ఆ కాల్వ కిందనే ఎవుసం జేస్త. సల్లగనే ఉంటయి," అన్నాడు హర్యా.

"నువ్వు ఎప్పుడు స్నానం జేసినవ్ హర్యా, నీకేం ఎర్క? అసలు కథ ఇప్పుడు ఉన్నది. సర్వస్వం మిషన్లన్ని సముద్రాల అవతల ఒక రూముల పెడ్తరు. నా దెబ్బకు ఆ రూముల పొగ లేసింది. ఆడి పెద్దసారు నాకు ఫోను జేసి, 'మంగయ్యగారూ, జర ఆపుండ్రి, మీ వల్ల ఫ్రెంచోళ్ల పేజీలు తెరుసుకుంటలేవు, జపానోళ్లు ఏడుస్తున్నరు' అన్నడు."

"ఏ భాషల అన్నడు?"

"తెలుగులనే. నాతోటి మాట్లాడనీకి వారం రోజులు కూసుండి నేర్సుకున్నడట. నేనేమన్న, 'సారూ, మీ మనిషిని తోలుండ్రి, మెట్లు లెక్కపెట్టుకోనియ్యుండ్రి' అన్న. మూడో రోజుకల్ల మనిషి దిగిండు. ఎర్రగ, పొడుగ్గ, చేతిల టేపు. బావి గట్టు మీద చెప్పులిడిసి పొద్దుగాల దిగుడు షురూ జేసిండు. పగటాల్లకు ఫోను, 'మూడు వందల కాడ ఉన్న, తిననీకి ఏమన్న దింపుండ్రి' అని. తాడుకు సద్ది గట్టి దింపినం. మాపటికి మళ్ల ఫోను, 'వెయ్యి దాటిన, ఈడ సిగ్నల్ మారింది, మా దేశానికి స్వాగతమని మెసేజ్ వస్తున్నది' అని. ఇగ మళ్ల మీదికి ఎక్కుడెందుకు, ఇల్లు దగ్గర్లనే ఉన్నదని అట్నుంచి అటే పోయిండు!"

హర్యాకు చాయ్ పొలమారింది. జితేందర్ నవ్వలేదు. పదీ నలభై అయింది.

"ఆయన చెప్పులు గట్టు మీదనే ఉన్నయి ఇప్పటికి," అని ముగించాడు మంగయ్య.

"ఏ గట్టు మీద?" అంది గోపమ్మ.

"బావి గట్టు మీద."

"ఇప్పటికి ఉన్నయా?"

"ఇప్పటికి ఉన్నయి. కావాల్నంటే పోయి సూస్కో."

"ఇగ సాలు మంగన్నా," జితేందర్ ల్యాప్‌టాప్ ఇంకా ముందుకు జరిపాడు. "బ్యాటరీ పోతున్నది, బస్సు వస్తున్నది. ఆ కొంగల సంగతి ఎవరడిగిండ్రు? మూలం సంగతి చెప్పు."

"మూలమా? మూలం లేదనుకున్నవా?" మంగయ్య జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. కవర్లో నాలుగు మడతల పేపరు ముక్క. "పోయిన నెల పేపర్ల జిల్లా పేజీల పడ్డది. సూడు, 'ఆదరణ కరువైన నూటొక్క మెట్ల బావి'. తారీఖు, పేజీ నంబరు అన్ని ఏసి లైను కింద మూలం పెట్టిన. అంతే, మేడం నోరు బంద్! మూడేండ్ల నుంచి నా మీద గుచ్చిన మనిషి ఒక్క అక్షరం గుచ్చలే."

హర్యా ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "పేపరాయన మీ ఊరికి వచ్చిండా?"

"ఆయన వచ్చుడెందుకు? ఆయన కాడ కంప్యూటర్ లేదా? నా పేజీ తెరిసి, నా లైను సూసి, మాటకు మాట దించిండు. పేపరోళ్లే నన్ను సూసి రాస్తున్నరు, ఏమనుకున్నవ్!"

జితేందర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"నువ్వు రాసింది సూసి ఆయన రాసిండు. ఆయన రాసింది సూపెట్టి నీది నిజమంటున్నవ్. మంగన్నా, గిది నీకు సమజైతున్నదా?"

"పేపర్ల వస్తే మూలమైతదని రూలు పెట్టింది మీరే గదా?"

"మేమే. గందుకే మేడం తీయలేకపోతున్నది. అబద్ధమని తెల్సు, పేపరు అడ్డమున్నది. ఆమె రూలు తప్పే మనిషి గాదు. గందుకే పోతా అంటున్నది."

"బావి లేదని మేడమేమన్న సూసిందా? మీరేమన్న సూసిండ్రా? సూసినోన్ని నేను ఒక్కన్నే."

గోపమ్మ పొయ్యి తగ్గించింది. చేతులు కొంగుకు తుడుచుకుని కొట్టు బయటికి వచ్చి నిలబడింది.

"నన్ను గుర్తువట్టలే గదా మంగన్నా? మన ఊరి గొర్ల సైదయ్య బిడ్డను. పద్నాలుగేండ్లకు లగ్గమై ఈడికొచ్చిన."

మంగయ్య గ్లాసు కింద పెట్టాడు.

"అది మోట బావి. మెట్టనేదే లేదు. గోడల రాళ్ల సందుల కాలివేళ్లు పెట్టుకోని దిగేది. మా బిందె పడితే నా నడుముకు తాడు గట్టి దింపిర్రు. ఎండకాలం, మోకాళ్ల మట్టుకు నీళ్లు. నువ్వు గట్టు మీద నిలవడి 'పామున్నది, పామున్నది' అని ఒర్రినవ్. ఉన్నది బిందె ఒక్కటే. నీళ్ల ట్యాంకు కట్టినప్పుడు ఆ బావిని గూడ పూడ్సిర్రు. నిరుడు మా తమ్ముని బిడ్డ పెండ్లికి పోతే ఆ జాగల బర్రెలు కట్టేసి ఉన్నయి. ఆ ఎర్రాయన చెప్పులు ఏ గట్టు మీదున్నయన్నా?"

హర్యా పెద్దగా నవ్వాడు గానీ, మంగయ్య ముఖం చూసి మధ్యలో ఆపేశాడు.

అప్పటికే కోదాడ బస్సు ఆగి వెళ్లిపోయింది. గుడ్డసంచీ భుజాన వేసుకుని రోడ్డు దాటిన ఆమె ఎంతసేపటి నుంచి నిలబడి వింటున్నదో ఎవరూ చూసుకోలేదు.

"మంగయ్యగారంటే మీరేనన్నమాట," అంది వసంత. "ఒక టీ ఇవ్వమ్మా, చక్కెర తక్కువ."

మంగయ్య లేచి నిలబడి బెంచీ తుడిచాడు. "కూసోండ్రి మేడం."

"మీమీద కోపం లేదండీ నాకు. విసుగొచ్చింది, అంతే. మొన్న మా ఏడో తరగతి పిల్లలు జిల్లాలో బావుల మీద చార్టు రాసుకొచ్చారు. అందులో మొదటిది మీ ఊరి బావే. ఇది నిజమేనా అని అడిగితే, 'కింద పేపరు పేరుంది మేడం, మీరే కదా అలా చూసి రాయమన్నారు' అన్నారు. నేను నేర్పినట్టే చేశారండీ వాళ్లు. కొట్టేయమని చెప్పలేను, మంచిదని మార్కులూ వేయలేను. ఆ చార్టు ఇంకా నా బీరువాలోనే ఉంది."

మంగయ్య తెర వైపు చూస్తూ, "తీసేస్తే మా ఊరికి మళ్ల ఒక్క లైనే ఉంటది మేడం," అన్నాడు. ఆ గొంతు ఇందాకటి మనిషిది కాదు.

ఆయనే కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లోకి లాక్కుని, దిగుడుబావి లైనును చెరిపాడు. కింద కారణం రాసే చోట ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. "ఈ బావికి మెట్లు లేవు. పేపరు నన్ను చూసి రాసింది. తప్పు నాది. మంగయ్య." భద్రపరచు అని నొక్కాడు. డేటా కార్డు నెమ్మది. తెర మీద చక్రం తిరుగుతూ ఉంటే నలుగురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. పేజీ వచ్చింది. చిలకవారిగూడెం వేములపల్లి మండలంలోని ఒక గ్రామం.

వసంత సంచీలోంచి జాబితా తీసింది. నాలుగు పేజీలు, అంచులు నలిగిపోయి ఉన్నాయి. జితేందర్ అయిష్టంగానే చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిని చూడకుండా గోపమ్మ వైపు తిరిగింది.

"ఆ నీళ్ల ట్యాంకు మీద ఎప్పుడు కట్టారో రాసి ఉందా అమ్మా?"

"బండ ఉన్నది మేడం. తారీఖు చెక్కిర్రు, పేర్లు గూడ ఉన్నయి."

"మంగయ్యగారూ, ఆ బండ చదవడానికి వీలుగా ఫోటో తీసి పెట్టండి. బండ మీద ఉన్నంతే రాద్దాం. రెండో లైను అవుతుంది." ఆమె జాబితాలో చిలకవారిగూడెం పేరు పక్కన పెన్నుతో 'ట్యాంకు' అని రాసింది. కాయితాలు మడిచి మళ్లీ తన సంచీలోనే పెట్టుకుంది.

జితేందర్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని హర్యా తొడ మీద గట్టిగా చరిచాడు.

మంగయ్య అది చూశాడు. వీపు నిటారైంది. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి గ్లాసు గోపమ్మకు అందించాడు.

"ట్యాంకంటే గుర్తొచ్చింది మేడం. అది ఎంత ఎత్తో ఎర్కనా మీకు? మొన్న ఒకసారి దాని మీదికి ఎక్కి నిలబడితే..."

"మూలం కావాలె మంగన్నా," అంది గోపమ్మ.