ఊరు చూపించే గొంతు

టూరిస్టు బస్సు షెడ్డులోనే ఉంది. ముందు సీట్లలో గైడు, డ్రైవరు. ఇద్దరి మధ్య ఇంజను మూత మీద రికార్డింగుకు పెట్టిన ఫోను.

"మళ్ళీ మొదటినుంచీ చెప్పు చెల్లెమ్మా. దగ్గావు."

"దగ్గనీ. గొంతులో గడ్డ పెట్టుకుని దగ్గకపోతే డాక్టరుకే అనుమానం వస్తుంది."

"వేళాకోళం తర్వాత. సోమవారం ఆపరేషను. మాట వస్తుందో రాదో చెప్పలేనని ఆయనే అన్నాడు. ఇవాళ ఊరంతా నీ గొంతుతో పట్టుకోకపోతే రేపు బస్సులో ఏం వినిపించను? నా పాటలా?"

"వద్దు. జనం నడిచే బస్సులోంచి దూకుతారు. సరే, నొక్కు. 'ప్రకృతి ఒడిలో ఓలలాడే సాగరతీర సుందర నగరానికి స్వాగతం.' ఇదెవరు రాశారు?"

"ఆఫీసువాళ్ళు."

"వాళ్ళెప్పుడైనా ఈ ఊరొచ్చారా?"

"ఇక్కడే ఉంటారుగా."

"అయితే కిటికీ తెరిచి ఉండరు. నా మాటల్లో నేను చెబుతా. 'అమ్మా, అయ్యా, ఇది చిన్న ఊరు. ఇటు మొదలుపెట్టి ఒక తుమ్ము తుమ్మేలోగా అటు అయిపోతుంది. ఇక్కడ తుప్పు పట్టని వస్తువు లేదు, మా అత్తగారి నాలుక తప్ప.'"

"ఆవిడ పోయి ఆరేళ్ళయింది."

"నాలుక ఇంకా ఉంది. నాకు రోజూ వినిపిస్తుంది. తర్వాతేమిటి?"

"లైట్‌హౌసు."

"'ఎడమవైపు లైట్‌హౌసు. దీపం పోయి తొమ్మిదేళ్ళు. రంగు మాత్రం ఏటేటా వేస్తారు. పడవలవాళ్ళు పక్కనున్న లాడ్జి బోర్డు చూసుకుని ఒడ్డుకొస్తారు. ఆ లాడ్జిలో సముద్రం కనిపించే గదులున్నాయి. కుర్చీ ఎక్కి, కిటికీలోంచి మెడ బయటపెడితే కనిపిస్తుంది.'"

"లాడ్జివాడు బస్సు మీద రాళ్ళు వేస్తాడు."

"వెయ్యడు. అతనూ ఆ కుర్చీ ఎక్కే చూశాడు. ఇప్పుడు విగ్రహం. 'ఈయన ఓడల మీద దేశాలు తిరిగిన మహానుభావుడు. చెయ్యి సముద్రం వైపు చూపించాలి. మేస్త్రీ ఇటు తిప్పి నిలబెట్టాడు. అందుకని మరుగుదొడ్ల వైపు చూపిస్తున్నాడు. బస్సు ఇక్కడ పది నిమిషాలు ఆగుతుంది. పెద్దాయన మాట వినండి.'"

"నవ్వించకు. నా నవ్వు కూడా పడుతోంది ఇందులో."

"పడనీ. అది లేకపోతే ఒక్కదాన్నే మాట్లాడుకునే పిచ్చిదానిలా ఉంటాను."

"చేపల మ్యూజియం."

"'చేపలు నాలుగు, తాబేలు ఒకటి. తాబేలు పడుకుందా, పోయిందా అని వాచ్‌మన్‌ని అడక్కండి. నొచ్చుకుంటాడు. అతనికీ తెలీదు.'"

"సూర్యాస్తమయం పాయింటు."

"'బెంచీలన్నీ సముద్రానికి ఎదురుగా వేశారు. కూర్చోండి. సూర్యుడు మీ వీపు వెనక, ఐసు ఫ్యాక్టరీ చాటున అస్తమిస్తాడు. మెడ తిరిగేవాళ్ళు ఆయన్ని చూడండి. తిరగనివాళ్ళు ఎదురుగా గొడుగుల కింద జంటల్ని చూడండి. అక్కడికి సూర్యుడు ఎలాగూ రాడు.'"

"పిల్లలు కూడా వింటారు చెల్లెమ్మా."

"పిల్లలకి గుర్రం ఉందిగా. నాకంటే ముసలిది, నాకంటే మెల్లగా నడుస్తుంది. దాన్ని చూస్తే నాకు ధైర్యం."

"ఒక్క మంచి ముక్కయినా చెప్పవా ఈ ఊరి గురించి? ఇరవై రెండేళ్ళు తిప్పాం."

"చెబుతా. 'ఇక్కడ గాలి మంచిది. కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయని ఎవరూ అడగరు. ఇసక పడిందంటే చాలు.' ఇది తీసెయ్."

"ఉంచుతాను."

"తీసెయ్యమన్నానా."

"సరే, సరే. ఇక చివరిది. ఇదొక్కటీ కాగితంలో ఉన్నట్టే చదివెయ్. 'ఇంతటితో యాత్ర ముగిసింది. మీకు వీడ్కోలు.'"

"అది చదవను."

"చిన్న ముక్కే."

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా అన్నానా? ఆఖరి స్టాపులో నేను చెప్పులు వెతుక్కుంటుంటే నువ్వే కదా జనాన్ని దింపేది."

"నిజంగా చెప్పులే వెతుకుతున్నావనుకున్నాను."

"కాళ్ళకే ఉండేవి."

"మరెందుకూ?"

"మా ఆయన పదిహేనేళ్ళ కాపురంలో ఒకే ఒక్క నిజం చెప్పాడన్నయ్యా. గుమ్మం దిగే మనిషి ఎవరైనా వెళ్ళొస్తానంటాడు. ఆయన వెళ్తున్నానన్నాడు. వెళ్ళాడు. అప్పట్నించీ దిగేవాళ్ళ వీపు చూడలేను. "

"ఆ వీడ్కోలు ముక్క వద్దులే. ఎప్పటిలా నేనే దింపుకుంటాను. ఇంకొక్కటి మాత్రం కావాలి. కాగితంలో లేదు. నాక్కావాలి."

"ఏమిటది?"

"అందరూ ఎక్కాక తలుపు మీద కొట్టి 'రైట్, పోనీ అన్నయ్యా' అంటావు చూడు, అది. అది చెవిలో పడకపోతే నా కాలు క్లచ్ మీంచి లేవదు."

"అది ఇవ్వను."

"మాట రాకపోతే?"

"రాకపోతే రాదు."

"రెండు ముక్కలు చెల్లెమ్మా. ఆఫీసుకి ఇవ్వను. నా దగ్గరే దాచుకుంటాను."

"దాచుకోడానికి నేనేమైనా పోయానా?"

"అబ్బే, అలా కాదు. మాట లేని గైడుని ఆఫీసువాళ్ళు ఉంచరు కదా. ఆ సీటు ఖాళీగా ఉంటుంది కదా. ఆ మాటైనా ఉంటే..."

"ఉంటే నా సీట్లో ఫోనుని కూర్చోబెడతావు. ఆఫీసుతో మాట్లాడి వచ్చాను, ఊరిని రికార్డింగులో నా గొంతు చూపిస్తుంది, జనాన్ని ఎక్కించే పని నాది."

"మాట లేకుండా ఎలా ఎక్కిస్తావు?"

"విజిలు కొనుక్కున్నాను. ఒకటి ఊదితే ఆపు, రెండు ఊదితే పోనీ, గుక్క తిప్పుకోకుండా ఊదుతుంటే మాత్రం నిన్ను తిడుతున్నాననుకో."