ఐసిల్డా పెద్దమ్మ, వేన్నీళ్ళ బేసిన్

ఏమన్నావ్? మీ అమ్మమ్మ తలొంచుకుని బతికిందా? ఎవరు చెప్పారు నీకు, ఆ యూనివర్సిటీలోనా? ముందు ఆ వానకి తడిసిన ప్లకార్డు గోడకి ఆనించి కూర్చో. వేయించిన అరటిముక్కలున్నాయి, తీసుకో. నువ్వు చూసింది ఎవర్ని పిల్లా? మంచంలో పడుకుని పిప్పరమెంటు బిళ్ళలు పంచే ముసలమ్మని. నేను చూసిన ఐసిల్డా పినాక్ వేరు. మా అమ్మకి అక్క, నాకు పెద్దమ్మ. జమైకాలో క్లారెండన్ కొండల్లో పుట్టింది, తొంభై రెండేళ్ళు బతికింది, అందులో యాభై ఐదేళ్ళు ఇంగ్లండులో, ఈ డెర్బీలోనే. ఇరవై రెండేళ్ళు ఆస్పత్రి లాండ్రీలో తడి నేల మీద నిలబడి ఈ ఊరి రోగుల దుప్పట్లు ఉతికింది. మీ అమ్మ పనికెళ్తే మీ అన్నల్నీ అక్కల్నీ పెంచింది. ఆదివారం వస్తే మాత్రం రాణి. తనే కుట్టుకున్న టోపీ పెట్టుకుని నడిచిందంటే బస్సు డ్రైవరు కూడా ఆపి దారిచ్చేవాడు. ఆవిడ వెనక కూర్చున్నవాళ్ళకి పాస్టరు ఎలా ఉంటాడో తెలీదు, టోపీ ఒక్కటే తెలుసు. సిస్టర్ పినాక్, కాస్త పక్కకి వంగండి అంటే, కళ్ళు మూసుకుని ప్రార్థన చెయ్యి, చూడ్డానికి ఇదేం సినిమా కాదు అనేది. ఏం చెబుతున్నా... ఆఁ, చర్చి.

ఓడ దిగిన మొదటి ఆదివారం రైలు కట్ట పక్కన తెల్లవాళ్ళ ఎర్ర ఇటుకల చర్చికి వెళ్ళింది. ముందు నుంచి రెండో బెంచీలో కూర్చుంది. ఆ బెంచీలో మిసెస్ హాలమ్ అని ఒకావిడ, రొట్టెల కొట్టతని భార్య, చేతిసంచీ తీసుకుని లేచి వేరే బెంచీకి పోయింది. ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర పాస్టరుగారు చెయ్యి కలిపి, గొంతులో తేనె పోసుకుని, మీరు రావడం చాలా సంతోషం, వచ్చే వారం మాత్రం రాకండమ్మా, మావాళ్ళు ఇబ్బంది పడుతున్నారు అన్నాడు. అర్థమైందా? ఈ దేశం మనల్ని పనికి పిలిచింది, ప్రార్థనకి కాదు. పెద్దమ్మ ఏం చేసిందంటావా? ఇంటికొచ్చి ముందు గదిలో కుర్చీలు సర్దింది. కిరసనాయిలు పొయ్యి చుట్టూ ఏడుగురు. అలా మొదలైంది మన చర్చి. తరవాత బడి హాలు అద్దెకి తీసుకున్నారు. అక్కడ పక్క గదిలో బాక్సింగ్ నేర్పేవాళ్ళు, మేం హల్లెలూయా అంటే అవతల నుంచి దబ్ అని దెబ్బ. సరే, అది వేరే కథ.

పాతికేళ్ళు గడిచాయి. ఎర్ర చర్చిలో జనం తగ్గి తగ్గి తాళం పడింది. అమ్మకానికి పెట్టారు. మనవాళ్ళు చందాలేసుకుని కొన్నారు. అప్పుడు నాకు ఇరవై ఆరు. నా సంగతి అడగకు, నీకంటే ఘోరం. జేబు నిండా కరపత్రాలు, నోటి నిండా ఎక్కడో చదివిన నినాదాలు. వంగిన ప్రతి వెన్నూ యజమానికి మెట్టు, అని బాత్రూములో కూడా అరిచేవాణ్ణి. దేవుణ్ణి నమ్మేవాణ్ణి కాదు, అయినా తలుపు తాళం తీసేటప్పుడు అక్కడుండాలని వెళ్ళాను.

మొదటి ఆదివారమే కాళ్ళు కడిగే ఆదివారం పెట్టారు. రొట్టె, ద్రాక్షరసం అయ్యాక ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, ఇద్దరిద్దరు చొప్పున ఒకరి కాళ్ళు ఒకరు కడగాలి. యేసు శిష్యులకి కడిగాడుగా, అందుకు. బాయిలర్ పనిచెయ్యలేదు. నేను వంటగదిలో నీళ్ళు కాచి బకెట్లు మోస్తున్నాను. తలుపు తెరుచుకుంది. చేతికర్రతో మిసెస్ హాలమ్. ముసలిదైపోయింది, భర్త పోయాడు, పిల్లల బాప్తిస్మాలన్నీ అక్కడే అయ్యాయట. ఎవర్నీ చూడకుండా తిన్నగా వెళ్ళి ఆ రెండో బెంచీలోనే కూర్చుంది. నాకు రక్తం ఉడికింది. వెళ్ళి అదే తేనె గొంతుతో, వచ్చే వారం రాకండమ్మా అందామని రెండడుగులు వేశాను. పెద్దమ్మ నా చొక్కా పట్టి లాగింది. నువ్వు నీళ్ళు తే, అంది.

తెచ్చాను. చూస్తే ఆవిడ బేసిన్ తీసుకెళ్ళి మిసెస్ హాలమ్ ముందు పెడుతోంది. ఇంక ఆగలేకపోయాను. పెద్దమ్మా, వీళ్ళ దుప్పట్లు ఉతికావు, గచ్చులు తుడిచావు, ఇప్పుడు మనం కొన్న కప్పు కింద కూడా వీళ్ళ కాళ్ళు కడుగుతావా, సిగ్గు లేదా, అని అందరి ముందూ అరిచాను. సిగ్గు లేదా అన్నాను పిల్లా, ఆవిణ్ణి. ఆవిడ నా వైపు కూడా చూడలేదు. కుర్చీ ఒకటి లాక్కుంది. కూర్చుంది. టోపీ సరిచేసుకుంది. మేజోడు మెల్లగా మడమ దాకా దించి, విప్పి, మడిచి సంచీలో పెట్టుకుంది. పాదం బేసిన్‌లో పెట్టి, ముందు నువ్వు, అంది.

మిసెస్ హాలమ్ మెడ దాకా ఎర్రబడింది. నా మోకాళ్ళు వంగవు అంది. వంగుతాయి, పక్కనున్న సిస్టర్ గార్డన్ పట్టుకుంటుంది, అంది పెద్దమ్మ. పట్టుకున్నారు, దిగింది. పెద్దమ్మ బీటలు పారిన మడమ చేతిలోకి తీసుకుని, బాగా నిలబడ్డ కాలు ఇది, అంది హాలమ్. నిలబడ్డాను, పాతికేళ్ళు మీ తలుపు బయట, అంది పెద్దమ్మ. హాలమ్ దోసిలితో ఆ కాలి మీద నీళ్ళు పోసింది. తరవాత చాలా నెమ్మదిగా, ఆ రోజు పాస్టరు చేత ఆ మాట అనిపించింది నేనే, అంది. తెలుసు, అంది మీ అమ్మమ్మ, వేళ్ళ మధ్య కూడా కడుగు.

నవ్వకు. అక్కడ ఎవరూ నవ్వలేదు. రెండు కాళ్ళూ కడిగించుకుని, తుడిపించుకుని, అప్పుడు తను దిగింది నేల మీదికి. హాలమ్ కాళ్ళు కడిగింది, లాండ్రీలో పనిచేసినంత శ్రద్ధగా. ఆవిడ ఏడ్చింది, మన ఐసిల్డా ఏడవలేదు. తరవాత ఆ హాలమ్ చచ్చిపోయేదాకా, తొమ్మిదేళ్ళు, మన చర్చికే వచ్చింది. మేక కూర తినడం నేర్చుకుంది, కారానికి ముక్కు చీదుకుంటూ.

నేనా? బకెట్ అక్కడే వదిలేసి బయటికి పోయాను. రెండేళ్ళు ఆ గడప తొక్కలేదు. ఆవిడ ఓడిపోయిందని కాదు. నా నినాదం ఒక్కటీ అరువడక్కుండా గెలిచింది, అదీ నా ఏడుపు. ఊరేగింపులు మానలేదులే, నువ్వూ మానకు. మూడో ఏడు వెళ్ళాను. దేవుడి కోసమా అంటే ఏమో. మగవాళ్ళ వైపు కుర్చీలో కూర్చోబెట్టారు. నా ముందు మోకరించినవాడెవరంటే నేను పనిచేసిన ఇనప పోత ఫౌండ్రీలో మేస్త్రీ, నన్ను ఉద్యోగంలోంచి తీయించిన కాంప్‌బెల్. మనవాడే. బూటు విప్పలేక లేసుతో కుస్తీ పడుతున్నాను, విప్పాలని లేక. అవతలి వైపు నుంచి మీ అమ్మమ్మ గొంతు, ఇంకెంతసేపురా లిన్వల్, నీళ్ళు చల్లారిపోతున్నాయి, అని...

వాన తగ్గినట్టుంది, చూడు. బస్సెన్నింటికి నీకు?