బస్సు దండగ

హలాపా ఊళ్లో పొద్దుటి నుంచీ ముసురు వదల్లేదు. సాయంత్రం తల్లి తలుపు తీసి, కూతురి బూట్లకేసి అనుమానంగా చూసింది.

“బస్సులో వచ్చినదానివి ఇంతలా ఎలా తడిశావే?”

“నడిచొచ్చామమ్మా. అనిసేతోకి బస్సు దండగట.”

“పొద్దున్నే జ్వరమన్నావు, ఆ ఒంటితో నడిచావా?”

“పెళ్లికి కూడబెడుతున్నాడు కదా. తన బూట్లు కూడా తనే కుట్టుకుంటాడు, తెలుసా? అచ్చం నాన్నలాగే.”

“తన బూట్లు కుట్టుకుంటే తప్పులేదు. మీ నాన్నా ఒక్క కోటుకే మాసికలేసుకుని బతికాడు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు మాత్రం నన్ను టాక్సీ ఎక్కించి, తను వానలో నడిచొచ్చాడు.”

“అనిసేతోకి నా జ్వరం సంగతి తెలీదమ్మా. నేను చెప్పలేదు.”

“దారంతా నీ చేయి పట్టుకోలేదూ?”

“పట్టుకున్నాడు.”

“మరి తెలీదంటావేం?”

కూతురు తల వంచుకుని బూట్ల తాళ్లు విప్పుకుంటోంది.

“ఏమన్నాడో చెప్పవే.”

“‘నీ చేయి కాలిపోతోంది, ఈ చలికి భలే హాయిగా ఉంది’ అన్నాడు.”

తల్లి పొయ్యి దగ్గరకు వెళ్లింది. వేడి మొక్కజొన్న జావ కప్పులో పోసి ఇచ్చింది. కూతురు దాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు తాగకుండా కూర్చుంది.

“అమ్మా, ఆదివారం వాళ్లింటివాళ్లు పెళ్లి మాటలకు వస్తామన్నారు కదా?”

“అవును. కోడి కూడా చెప్పి ఉంచాను.”

“వాళ్లని రావద్దను. కోడి కూడా వద్దని చెప్పెయ్.”