మగ్గాల చప్పుడులో విదేశీ వార్తలు

సభాధ్యక్షులు ఆదినారాయణ గారికి, వేదిక మీద ఇరుక్కుని కూర్చున్న పెద్దలకు, హిందూపురం, పెనుకొండల నుంచి బస్సులు మారి వచ్చిన మిత్రులకు, తాడిమర్రి నుంచి వచ్చిన మా బంధువులకు, ముందుగా వచ్చి ఫ్యాను కింద కుర్చీ పట్టిన అదృష్టవంతులకు నమస్కారం. (నవ్వులు)

"మన ప్రేమలత ప్రపంచమంతా చుట్టొచ్చింది" అన్నారు ఆదినారాయణ గారు. అయ్యా, అందులో సగం ప్రపంచాన్ని ఢిల్లీలో ఆఫీసుల గేట్ల ముందు నిలబడే చుట్టాను. టీవీలో విదేశీ వార్తలంటే మరేం లేదు, ఎవరో పెద్దమనిషి కారు దిగి, నవ్వి, ఏమీ చెప్పకుండా లోపలికి పోతాడు, ఆయన చెప్పనిదాన్ని మనం అరగంట వివరించాలి. (నవ్వులు) తొంభైల్లో నేను ఈ ఉద్యోగంలో చేరగానే మా ఈరక్కత్త వచ్చి, "రోజూ దుబాయోళ్ల గురించి చెప్తాండావు కదమ్మీ, మా ప్రవీణ్‌కు ఒక వీసా ఇప్పిచ్చలేవా?" అంది. నా వల్ల కాదంటే చాలాకాలం నాతో మాటల్లేవు.

ధర్మవరం సంగతి ఇంకా ఘోరం. నేను తెర మీద ఎప్పుడూ ఇక్కడి పట్టుచీరలే కట్టేదాన్ని. ఏదో దేశంలో ప్రభుత్వం కూలిపోయిందని నేను గొంతు చించుకుంటే, చీరల కొట్టు తిమ్మరాజన్న ఫోన్ చేసి, "ఏమ్మా, పైట అట్లా మడిస్తే అంచు యాడ కనపడతాది?" అని గదమాయించేవాడు. శాంతి చర్చలు విఫలమైన రోజు నేను కట్టిన నెమలికంఠం రంగు చీరను, "ఆ చర్చల చీర చూపించండి" అని అడిగి మరీ కొన్నారట. తిమ్మరాజన్నా, తల దించుకోకు, కనిపిస్తూనే ఉన్నావు. (నవ్వులు)

ఇప్పుడు నవ్వుతున్నాను గానీ, అప్పట్లో ఒళ్లు మండేది.

ఇరాక్ యుద్ధమప్పుడు నన్ను కువైట్ పంపారు. మా ఎడిటర్‌కు క్షిపణులు కావాలి. నాకేమో అక్కడి ఇళ్లల్లో పనిచేసే మన వైపు ఆడవాళ్లు కనిపించారు, భయంతో ఒకచోట చేరి ఉన్నారు. వాళ్ల గురించి చెప్తానంటే, "అది విదేశీ వ్యవహారం కాదమ్మా, మీ ఊరి వ్యవహారం" అన్నాడాయన. లైవ్ మొదలయ్యాక నన్ను ఆపేదెవరు? నేను కలిసిన వాళ్లంతా క్షేమమని ఊళ్ల పేర్లతో సహా చెప్పేశాను. తిరిగొచ్చాక చాన్నాళ్లు నన్ను తెర మీదికి రానివ్వలేదు. దానికి బాధ లేదు. ఆ మాట ఇక్కడికి చేరిందా లేదా అన్నదే నా బాధ. ఎవరూ వినలేదంటే తట్టుకోలేనని ఇన్నేళ్లూ అడగలేదు. ఈ రోజుతో ఉద్యోగం అయిపోయింది కాబట్టి అడుగుతున్నాను, ఎవరైనా విన్నారా? చీర రంగు మాత్రం చెప్పొద్దు.

(నవ్వులు. వెనక వరసలో ఒక చెయ్యి లేస్తుంది.)

ఎవరది, మగ్గం నేసే శంకరమ్మక్కా? లేచి చెప్పక్కా. మైకు ఆమెకివ్వండి.

("నీ మాటలు మాకు యాడ ఇనపడతాయి తల్లీ, ఆ మగ్గాల సప్పుడులో! ఊరికే బొమ్మ చూసేది. ఆ పొద్దు మాత్రం నువ్వు కువైట్‌లో ఉండావని తెలిసి మా వీధి వీధంతా మగ్గాలు నిలిపేసినాం. మా చెల్లెలి కూతురు రాణి ఆడనే ఉండె కదా. నువ్వు తాడిమర్రోళ్లు బాగుండారు అన్నాకే మా చెల్లెలు నోట్లో ముద్ద పెట్టింది. నేత మధ్యలో ఆపితే చీరలో గీత పడతాది, షావుకారు తిట్నాడు. తిట్టుకోనీలే అనుకున్యాం.")

కొంచెం నీళ్లివ్వండి.

నన్ను పిలిచి గౌరవించిన పెద్దలందరికీ, అందరికన్నా ముందు ఆ వీధికి, నా కృతజ్ఞతలు. మిగతా ప్రసంగం ఉంది గానీ, నేను వెంటనే ఆ ఎడిటర్‌కు ఫోన్ చేయాలి. సెలవు.